అతుకు కనపడని పనితనం

2022 డిసెంబరు 18. ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ప్రపంచ కప్ ఫైనల్ 80వ నిమిషానికి వచ్చింది. అర్జెంటీనా 2-0తో ముందుంది. ఫ్రాన్స్‌కు పెనాల్టీ దొరికింది, ఎంబాపే గోల్ చేశాడు. బంతి మళ్లీ మైదానం మధ్య నుంచి కదిలింది, ఎంబాపేయే రెండోదీ కొట్టాడు. ఒక గోల్‌కూ ఇంకో గోల్‌కూ నడుమ 97 సెకన్లు. దాదాపు ముగిసిపోయిందనుకున్న ఫైనల్ ఆ కాస్త వ్యవధిలో మొదటికొచ్చింది.

విశాఖలో అప్పటికి రాత్రి పది దాటింది. గాజువాకలోనో మద్దిలపాలెంలోనో ఫోన్ పట్టుకుని చూస్తున్న మనిషికి సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగి, తెరమీద గుండ్రం తిరగడం మొదలైతే? రెండు నిమిషాల తర్వాత బొమ్మ తిరిగొచ్చేసరికి స్కోరు 2-2. ఎలా వచ్చిందో తెలియదు. ఆ టోర్నీని జియోసినిమా ఉచితంగా చూపింది. ఫైనల్‌ను తమ యాప్‌లో 3.2 కోట్ల మంది చూశారని సంస్థ ప్రకటించింది. ఇదే యాప్ నాలుగు వారాల ముందు, నవంబరు 20న, ఖతార్-ఈక్వడార్ తొలి మ్యాచ్‌లోనే తడబడింది. బఫరింగ్ మీద జనం ట్విటర్లో విరుచుకుపడ్డారు. సంస్థ క్షమాపణ చెప్పి, యాప్‌ను అప్‌డేట్ చేసుకోమని కోరింది.

తొలిరోజు ఆగిపోవడం గురించి దేశమంతా మాట్లాడింది. ఆగకుండా నడవడం వెనకున్న పని గురించి మాత్రం మాటల్లేవు. నాకు ఆ పనిమీదే మక్కువ. ప్రత్యక్ష ప్రసారం అంటే మొదటి నుంచి చివరిదాకా అతుకుల పని. జరుగుతున్న ఆటను ముక్కలుగా కోసి, ఆ ముక్కల్ని సముద్రాలు దాటించి, చూసేవాడి అరచేతిలో మళ్లీ ఒకటిగా అతకాలి. అతుకు కనపడనంతసేపూ ఆ పని చేసినవాళ్లు ఎవరికీ గుర్తురారు. ఒక్కటి కనపడిందా, తిట్లే.

కోత నుంచే మొదలుపెడదాం. ఒక హెచ్‌డీ బొమ్మలో ఇరవై లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఫుట్‌బాల్‌కు సెకనుకు 50 బొమ్మలు. ఒక్కో చుక్కకు 20 బిట్లు వేసుకున్నా సెకనుకు 200 కోట్ల బిట్లు దాటిపోతాయి. మన ఫోన్‌కు చేరేది మహా అయితే 50 లక్షలు. అంటే నాలుగు వందల్లో ఒక్క పాలే ఉంచి, మిగతాదంతా పారేసి, పారేసిన సంగతి కంటికి తెలియకుండా చూడాలి.

ఈ పారేసే విద్యకు పునాది వేసిన ముగ్గురిలో ఒకరు మనవాడు. కమిశెట్టి రామమోహనరావు మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి 1974 జనవరిలో ఆయన ప్రచురించిన చిన్న పత్రం పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. అంతకు రెండేళ్ల ముందు ఇదే ఆలోచనతో అహ్మద్ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే ఇవ్వలేదు. మరీ తేలికైన ఆలోచన అనుకున్నారట. ఆ తేలికైన ఆలోచనే తర్వాత జేపెగ్ ఫొటోల్లోకి, ఎంపెగ్ వీడియోల్లోకి వెళ్లింది. 2003లో వచ్చి నేటికీ ఫోన్లలో విస్తారంగా నడుస్తున్న హెచ్.264లోకి దాని పూర్ణసంఖ్యల రూపం వెళ్లింది.

అది చేసే పని చూడముచ్చటైనది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో వెలుగునీడల హెచ్చుతగ్గుల్ని కొన్ని అలల కలయికగా రాస్తారు. నెమ్మదైన అలలు కొన్ని, వడివడిగా లేచిపడేవి కొన్ని. మన కన్ను నెమ్మదైన వాటిని బాగా పడుతుంది, వడివడిగా మారేవాటిని అంతగా పట్టించుకోదు. కాబట్టి అవే ముందు పోతాయి. ఇక వరస బొమ్మల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా కొంచెమే ఉంటుంది గనక, ప్రతి బొమ్మనూ మొత్తంగా పంపరు. ఈ గడి కాస్త ఎడమకు జరిగింది, ఆ గడి అలాగే ఉంది అని మాత్రం చెబుతారు. మధ్యమధ్య ఒక పూర్తి బొమ్మ వస్తుంది. దాన్ని కీఫ్రేమ్ అంటారు.

ఫుట్‌బాల్ ఈ విద్యకు మహా మొండి సరుకు. క్రికెట్‌లో బౌలర్ వెనక్కి నడిచి వెళ్తున్నంతసేపూ కెమెరాకు విశ్రాంతే. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య ప్రకటన వస్తుంది. ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు విరామం లేదు, కెమెరా ఎడమ నుంచి కుడికి ఊగుతూనే ఉంటుంది. తెరలో ముప్పాతిక భాగం పచ్చిక. పచ్చికంటే సన్నసన్నని గీతలు, అన్నీ వడివడి అలలే, అవీ కెమెరాతోపాటు పరిగెడుతుంటాయి. వాటి మధ్యలో తెల్లటి బంతి. దూరపు షాట్‌లో అది పట్టుమని పదిపదిహేను చుక్కల వెడల్పు కూడా ఉండదు. పచ్చికను నునుపు చేసెయ్యాలి, బంతిని మాత్రం చెరపకూడదు. బొమ్మను కుదించే ఎన్‌కోడర్ గళ్ల మధ్య బిట్లు పంచడంలోనే పనివాడి చెయ్యి తెలుస్తుంది. రాత్రి మ్యాచ్‌లో లాంగ్ పాస్ పడినప్పుడు చూడండి. నాసిరకం ప్రసారంలో పచ్చిక గళ్లుగళ్లుగా విరిగి బంతి అందులో కరిగిపోతుంది. మంచి ప్రసారంలో పచ్చిక ఒక్క క్షణం మెత్తబడుతుంది, బంతి నిలుస్తుంది.

ఇక ముక్కలు. 2009లో ఆపిల్ సంస్థ ఐఫోన్ కోసం ఒక పద్ధతి తెచ్చింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు రోజర్ పాంటోస్. హెచ్‌ఎల్‌ఎస్ అని పిలిచే ఆ పద్ధతి 2017లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో 8216 నంబరుతో అచ్చయింది. అందులోని ఊహ ఎంత సాదాగా ఉంటుందంటే, ఇంతేనా అనిపిస్తుంది. ప్రసారాన్ని కొన్ని సెకన్ల ఫైళ్లుగా కొయ్యి. ఇదివరకు పదేసి సెకన్లు, ఇప్పుడు ఆపిల్ సిఫారసు ఆరు. ప్రతి ముక్కా మామూలు వెబ్ పేజీలాగే దిగుమతి అవుతుంది. ఏ ముక్క తర్వాత ఏది అని చెప్పే చిన్న జాబితా ఒకటి పక్కన ఉంటుంది, అది ఎప్పటికప్పుడు మారుతుంటుంది. ప్రసారానికి వేరే యంత్రాలు, వేరే దారులు అక్కర్లేదు. వెబ్ పేజీలు నడిచే దారిలోనే ఆట కూడా నడుస్తుంది.

పనితనమంతా అతుకు దగ్గర ఉంది. ఒకే ఆటను అయిదారు నాణ్యతల్లో ఒకేసారి తయారు చేస్తారు. 240 గీతల బొమ్మ నుంచి 1080 దాకా మెట్లు మెట్లుగా. అన్ని మెట్లమీదా ముక్కలు సరిగ్గా ఒకే క్షణం దగ్గర తెగాలి, ప్రతి ముక్కా పూర్తి బొమ్మతోనే మొదలవ్వాలి. ఒక మెట్టుమీద కోత రెండు ఫ్రేములు అటూఇటూ అయినా, నాణ్యత మారే చోట బొమ్మ ఎగురుతుంది, మాట తడబడుతుంది. ఎంబాపే రెండో గోల్ ఎగసి వస్తున్నప్పుడు ఎవరి ఫోనో 1080 నుంచి 480కి దిగి ఉండొచ్చు. బంతి ఒక ముక్కలో కాలిని వదిలి ఇంకో ముక్కలో వలను తాకి ఉండొచ్చు. చూసినవాడికి ఒకే గోల్ కనపడింది. రెండు వేర్వేరు ఫైళ్లు, రెండు వేర్వేరు నాణ్యతలు, మధ్యలో అతుకు జాడ లేదు. ఇది నాకు ఎంత చూసినా తనివితీరని పని.

బఫర్ సంగతి విశాఖవాళ్లకు పోర్టును చూపించి చెప్పొచ్చు. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస-కిరండూల్ లైను మీదుగా ఇనుప ఖనిజం ర్యాకులు వస్తాయి. అవి నేరుగా ఓడలోకి పోవు. యార్డులో గుట్టలు పోస్తారు. అరకు ఘాట్లో ఒక ర్యాకు ఆలస్యమైనా ఓడ నింపే కన్వేయర్ ఆగకూడదు, అందుకని. ఫోన్‌లోని ప్లేయర్ కూడా ముక్కల్ని గుట్ట పోసుకునే ఆట చూపిస్తుంది. నెట్ కాసేపు మందగించినా గుట్టలోంచి తీసి నడిపిస్తుంది. గుట్ట అడుగంటితే గుండ్రం తిరుగుతుంది.

సినిమా అయితే గుట్ట ఎంత పెద్దదైనా పోసుకోవచ్చు. రాబోయే పది నిమిషాలూ సర్వర్లో తయారుగా ఉంటాయి. ప్రత్యక్ష ఆటలో ముందున్నది ఇంకా జరగనే లేదు. గుట్ట కావాలంటే ఒక్కటే దారి, అసలు ఆటకన్నా వెనకబడి ఉండటం. ప్రత్యక్ష ప్రసారంలో చివరి ముక్క నుంచి కనీసం మూడు ముక్కలు వెనక్కి జరిగి మొదలుపెట్టమని హెచ్‌ఎల్‌ఎస్ నియమం. ఆరు సెకన్ల ముక్కలైతే 18 సెకన్లు. పది సెకన్లవైతే 30. ఎన్‌కోడింగ్‌కూ రవాణాకూ పట్టే సమయం దానికి అదనం.

అందుకే పక్కింటి కేక. వాళ్లు డిష్ టీవీలో చూస్తుంటారు, మనం యాప్‌లో. మనకు బంతి ఇంకా మిడ్‌ఫీల్డ్‌లోనే ఉంటుంది, పక్కింట్లో గోల్ అని అరుస్తారు. 2022 మార్చి 20న ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడినప్పుడు ఇది మరీ బాధించి ఉంటుంది. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, ఆ పైన షూటౌట్. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి 3-1తో కప్పు తెచ్చిపెట్టాడు. ప్రతి కిక్‌కూ ఫలితం గోడ అవతలి నుంచి ముందే వినపడితే చూడటంలో ఇంకేం మిగులుతుంది?

చాలామంది ఆ ఆలస్యానికి దూరం కారణమనుకుంటారు. గాజు తీగలో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పదివేల కిలోమీటర్ల సముద్రపు దారికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు. మిగతా అరనిమిషం తెలిసి తెలిసి కొనుక్కున్నది. ఆగకుండా చూడటానికి ఇంజనీర్లు ఆలస్యాన్ని వెలగా చెల్లించారు. ఆ బేరం సరైనదేనని నా ఉద్దేశం. పక్కింటి కేక చెవినపడినా 97 సెకన్లూ చూడగలగడం మేలు. 2019లో ఆపిల్ ప్రకటించిన తక్కువ ఆలస్యపు పద్ధతిలో ముక్కను మళ్లీ సెకనుకన్నా చిన్న తునకలుగా చేసి, తయారైన తునకను తయారైనట్టే పంపుతారు. ఆలస్యం కొద్ది సెకన్లకు దిగుతుంది, గుట్ట కూడా అంతే తగ్గుతుంది. కుదురైన నెట్ ఉన్నచోట అద్భుతం. బస్సులో కూర్చుని చూసేవాడికి పాత పద్ధతే దిక్కు.

జనసందోహం ఇంకో పరీక్ష. పది లక్షల మంది సెకనుకు 30 లక్షల బిట్ల చొప్పున లాగితే మొత్తం మూడు లక్షల కోట్ల బిట్లు. ఏ ఒక్కచోటి నుంచీ అంత పంపడం అయ్యే పని కాదు. అందుకే ముక్కల నకళ్లు ఊరూరా దగ్గరి సర్వర్లలో ఉంటాయి. అక్కడొక చిన్న తెలివి నన్ను ముగ్ధుణ్ని చేస్తుంది. కొత్త ముక్క పుట్టిన క్షణాన వేలమంది ఫోన్లు ఒకేసారి దాన్నే అడుగుతాయి. దగ్గరి సర్వర్ ఆ వేల అభ్యర్థనలనూ మూలానికి పంపదు. ఒక్కదాన్నే పంపి, మిగతావాళ్లను క్షణం నిలబెట్టి, ముక్క రాగానే అందరికీ పంచుతుంది. ఆ నిలబెట్టడం తెలియని వ్యవస్థ తొలి గోల్‌కే కుప్పకూలుతుంది.

బయటికెళ్లే జనం కూడా ప్రమాదమే. 2019 జులైలో భారత్-న్యూజిలాండ్ క్రికెట్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌటయ్యాడు. విశాఖలో 2005 ఏప్రిల్ 5న 148 కొట్టి పేరు తెచ్చుకున్న ధోనీ! జనం గుండె పగిలి బ్యాక్ బటన్ నొక్కారు. వీడియో సర్వర్ల మీద బరువు తగ్గింది, యాప్ హోమ్ పేజీ మీదికి మాత్రం కోట్లమంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఆ సంస్థ ఇంజనీర్లు తర్వాత ఈ సంగతి బహిరంగంగా వివరించారు. వాళ్ల ఏర్పాటు ముందుచూపుతో కూడినది. సర్వర్లు అప్పటికప్పుడు పెంచడానికి నిమిషాలు పడతాయి గనక ముందే పెంచి ఉంచారు. సిఫారసుల వంటి అదనపు హంగులను అవసరమైతే తీసేసి, ఆటను మాత్రం నిలబెట్టే వీలు పెట్టుకున్నారు.

ఆట ముక్క విశాఖకు వచ్చే దారి కూడా చూడదగ్గదే. పడమటి నుంచి వచ్చే సముద్రపు తీగలు ఇంతకాలం ముంబైలోనో చెన్నైలోనో ఒడ్డెక్కి, నేలమీది ఫైబర్‌లో మనదాకా వచ్చేవి. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర తీగలు తెగితే ఇక్కడ దాకా వేగం మందగించింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రాన్ని ప్రకటించిన గూగుల్, సముద్రపు తీగలను ఈ తీరానికే తెచ్చే ఏర్పాటు కూడా అందులో చేర్చింది. అంతకు రెండు రోజుల ముందు ఇంకో సంస్థ సిఫీ కూడా ఇక్కడ డేటా సెంటర్‌కు, తీగలు ఒడ్డెక్కే కేంద్రానికి శంకుస్థాపన చేయించింది.

నేలమీది పనిలో నాకు గౌరవం కలిగించేది ఏపీ ఫైబర్‌నెట్ స్తంభాల మీది తీగ. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ వ్యవస్థకు నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రం విశాఖలోనే పెట్టారు. 2,449 సబ్‌స్టేషన్లను కలుపుతూ 23 వేల పైచిలుకు కిలోమీటర్ల 24 కోర్ల ఫైబర్‌ను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు. పాతితే అయిదు వేల కోట్ల దాకా అయ్యే ఖర్చు దాదాపు 333 కోట్లతో తేలింది. ఆ తీగలో ఎక్కడా లోహం ఉండదు. హైటెన్షన్ లైను పక్కనే వేలాడినా కరెంటు దాన్ని ముట్టదు, తన బరువు తనే మోసుకుంటుంది. గాలివానకు మాత్రం అది దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను స్తంభాలను ఎలా పడగొట్టిందో చూసిన ఊరిది. ఆ తర్వాతే ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొంతమేర కరెంటు తీగలను భూమిలోకి దించారు.

స్తంభం కింద జరిగే అతుకు పని చూసి తీరాలి. కూర్మన్నపాలెం దగ్గర ఒక సాయంత్రం తెగిన కేబుల్ దగ్గర ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని ఒక కుర్రాడు స్ప్లైసింగ్ చేస్తుంటే నిలబడిపోయాను. కేబుల్ పొర వొలిచాడు. రంగుల దారాలు బయటపడ్డాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. రంగుకు రంగే కలవాలి. ఒకటి తీసి పైపూత గీరేశాడు. మిగిలిన గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతైనా లేదు. స్పిరిట్ అద్దిన టిష్యూతో తుడిచాడు, కిర్రుమంది. క్లీవర్‌లో పెట్టి చిటుక్కున తుంచాడు. ఆ కోత నిట్టనిలువుగా ఉండాలి, వాలు మీరితే యంత్రం ఒప్పుకోదు. రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మెషిన్‌లో ఎదురెదురుగా పెట్టాడు. చిన్న తెరమీద రెండు స్తంభాల్లా కనపడ్డాయి, వాటంతటవే జరిగి వరసలోకి వచ్చాయి. ఒక మెరుపు. రెండు గాజులూ కరిగి ఒకటయ్యాయి. తెరమీద 0.02 అని పడింది.

"చూపుకి అన్నీ అతికినట్టే ఉంటాయండి. మెషిన్ ఒప్పుకోవాలి," అన్నాడు కుర్రాడు, సన్నని గొట్టం దాని మీదికి జరిపి వేడిచేస్తూ.

0.02 డెసిబెల్ అంటే వెలుగులో వెయ్యింట అయిదు పాళ్లయినా పోలేదన్నమాట. తుడవడంలో రవ్వంత ధూళి మిగిలితే అదే అర డెసిబెల్ అవుతుంది, పదింట ఒక పాలు వెలుగు అక్కడే ఆవిరి. ఇంటి దగ్గర పెట్టెకు, మిల్లీవాటుతో పోలిస్తే మైనస్ 27 డెసిబెల్ దాకా వెలుగు తగ్గినా ఫరవాలేదు. అది దాటితే ఎర్ర లైటు, ఆట బంద్. వీధి అతుకులన్నిటి నష్టాలూ కలిపి ఆ హద్దులో ఉండాలి. కుర్రాడు పన్నెండు దారాలూ అతికి, డబ్బాలో చుట్టలు చుట్టి సర్దాడు. చుట్ట మరీ బిగిస్తే వంపులోంచి వెలుగు కారిపోతుంది, అందుకని వేలితో వదులు చూసుకుంటూ. మైదానంలో ఎన్‌కోడర్ ముందు కూర్చున్న ఇంజనీరుకున్న శ్రద్ధే ఈ కుర్రాడి వేళ్లలో కనపడింది.

ఇంట్లోకి వచ్చాక వై-ఫై. రౌటర్‌ను బీరువా వెనక పెట్టి, రెండు స్లాబుల అవతల గదిలో కూర్చుని నెట్ బాలేదంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? 2.4 గిగాహెర్ట్జ్ మీద అపార్ట్‌మెంట్‌లోని ఇళ్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. మ్యాచ్ రోజైనా టీవీకి ఒక కేబుల్ వేసుకుంటే సగం గొడవ తీరుతుంది.

అన్నీ విఫలమైనా చివరి నిర్ణయం ఫోన్‌లోని ప్లేయర్‌దే. ప్రతి ముక్కకూ ముందు అది రెండు సంగతులు చూస్తుంది. గడిచిన ముక్క ఎంత వేగంగా దిగింది, గుట్టలో ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయి. స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు 2014లో వేగం అంచనాలకన్నా గుట్టనే నమ్మమని వాదించారు. ప్లేయర్ల తయారీలో ఆ వాదనకు మంచి పలుకుబడే దొరికింది. గుట్ట తరుగుతుంటే తొందరగా కింది మెట్టుకు దిగాలి. పెరుగుతుంటే నిదానంగా ఎక్కాలి, వెంటవెంటనే ఎక్కుతూ దిగుతూ ఉంటే చూసేవాడికి తల తిరుగుతుంది. దిగేటప్పుడు పోయేవాటికి ఒక వరస ఉంది. ముందు పచ్చికలోని గీతలు పోతాయి, తర్వాత జెర్సీ మీది నంబర్లు, తర్వాత ముఖాలు. ఆటగాళ్లు రంగుల మచ్చలయ్యాక కూడా బంతి ఎటు పోతోందో తెలుస్తూనే ఉంటుంది. మొబైల్ నెట్‌మీద నడిచే ప్రసారంలో సెకనుకు 192 కిలోబిట్లకు మించని ఒక మెట్టు తప్పకుండా ఉండాలని ఆపిల్ నియమం పెట్టింది. అంత సన్నని దారిలో బొమ్మ ఎలా ఉన్నా, వ్యాఖ్యాత గొంతూ గ్యాలరీ హోరూ మాత్రం తెగకుండా వస్తాయి.